తూలని ఎలుకలు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పరిశోధనశాలలో దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని పై అంతస్తులో కూర్చునే పెద్దసారు దాకా అందరికీ ఆవిడ అనుమానాలక్కే. ఎలుకల గది చూసుకునే మనిషి. మొహం మీదే అలా పిలిచినా కోపం తెచ్చుకోదు. "నిజమేగా, అనుమానం నాతోపాటే పుట్టింది" అని నవ్వేస్తుంది. నవ్వుతూనే నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వెళ్ళి, తలుపు సరిగ్గా వేశానో లేదోనని మళ్ళీ ఒకసారి లాగి చూసుకుని వస్తుంది.

ఆ గుణం ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు పలక మీద కూడిక చేసి, చెరిపి, మళ్ళీ చేసి, మళ్ళీ చెరిపి, బడిగంట కొట్టేసరికి ఖాళీ పలకతో నిలబడేదట. పెళ్ళయిన కొత్తలో మొగుడితో సినిమాకి బయల్దేరితే సగం దారిలో ఆయన చెయ్యి పట్టుకునేది. కొత్త పెళ్ళాం చెయ్యి పట్టుకుందని ఆయన మురిసిపోయేలోపే, "ఏమండీ, తాళం వేశానంటారా?" అనేది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందకీ తిరగడం అలవాటైన మనిషి కాబట్టి విసుక్కోకుండా వెనక్కి నడిచేవాడు. తాళం వేసే ఉండేది. "మా ఆవిడ పుణ్యమా అని నేను చూసిన సినిమాలకి మొదళ్ళు లేవు, అన్నీ చివర్లే" అని ఇప్పటికీ చుట్టాల మధ్య కూర్చుని చెప్పి నవ్విస్తుంటాడు.

ఇలాంటి మనిషిని ఏ బ్యాంకులోనో ఏ దుకాణంలోనో పెడితే వారం తిరక్కుండా దణ్ణం పెట్టి పంపించేసేవాళ్ళు. అదృష్టం బాగుండి ఎలుకల దగ్గరికి వచ్చి పడింది. కూతుర్ని బడిలో వేశాక ఇంట్లో పొద్దుపోవడం లేదని గొణుగుతుంటే, ఆ భవనంలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళిన మొగుడు ఓ కబురు తెచ్చాడు. "అక్కడ శుభ్రం చేసే మనిషి కావాలట, వెళ్తావా?" అన్నాడు. ఏం శుభ్రం చేయాలో మాత్రం చెప్పలేదు, దొంగ. ఇంట్లో ఒక్క ఎలుక కనిపిస్తే మంచమెక్కి కూర్చునే మనిషిని తీసుకెళ్ళి, గోడ పొడవునా అరల నిండా ఎలుకలున్న గది ముందు నిలబెట్టారు. గుమ్మం దగ్గరే ఏడుపు మొదలుపెట్టింది. "ఒక్కరోజు చూడండి, నచ్చకపోతే వెళ్ళిపోదురుగానీ" అన్నారు పెద్దసారు. అలా చూద్దామని లోపలికి వెళ్ళిన మనిషి, కూతురు బడి దాటి కాలేజీకొచ్చినా అక్కడే ఉంది.

ఆ గదికి కిటికీలు లేవు. దీపాలు వాటంతట అవే వెలుగుతాయి, వాటంతట అవే ఆరిపోతాయి. గాలి యంత్రం రోజంతా ఒకే తీరున హోరుమంటుంది. లోపలికి వెళ్ళాలంటే తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు, కాళ్ళకి వేరే చెప్పులు. అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాల్లో చెక్కపొట్టు, పైన తలకిందులుగా పెట్టిన నీళ్ళ సీసా, దాని స్టీలు గొట్టం చివర ఒక చుక్క. ప్రతి డబ్బా ముందూ ఒక కార్డు. లోపలున్నవి ఏ రకమో, ఎప్పుడు పుట్టాయో ఆ కార్డే చెప్పాలి. సీసా గొట్టానికి గాలిబుడగ అడ్డుపడితే నీళ్ళు దిగవు, తెల్లారేసరికి ఎలుకలు సొమ్మసిల్లిపోతాయి. మిగతా గదుల్లో అప్పుడప్పుడూ అలా జరుగుతుంది. అనుమానాలక్క గదిలో జరగదు. ప్రతి సీసానీ వేలితో తట్టి చూసుకుంటూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచీ తట్టుకుంటూ వస్తుంది మరి!

మెల్లగా భయం పోయి ప్రేమ పుట్టింది. అందులోనూ నల్ల ఎలుకల్లో ఒక రకం ఉండేవి, వాటి మీద మరీను. వాటి ఒంట్లో జన్యువు ఒకటి చెడిపోయిందట. దానివల్ల మెదడులో నడకని అదుపులో పెట్టే భాగం పాడవుతుందట. పిల్లలుగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి. వయసుకొచ్చాకే అసలు సంగతి బయటపడుతుంది. నాలుగడుగులు వేస్తే ఒకవైపుకి ఒరిగిపోతాయి, తల వణుకుతుంది, నడుం ఊగుతుంది. తప్పతాగి ఇల్లు వెతుక్కునే మనిషి నడకే ఆ నడక. పైన తొట్టిలో మేత అందుకోలేవని, దాన్ని నీళ్ళలో నానబెట్టి చిన్న గిన్నెలో కింద పెట్టేది అక్క. "తినండ్రా, తాగుబోతు వెధవల్లారా" అని ముద్దుగా తిట్టేది.

వాటి నడకని కొలవడానికి ఒక యంత్రం ఉంది. అడ్డంగా ఒక కడ్డీ. అది మెల్లగా తిరగడం మొదలుపెట్టి రానురాను వేగం పెంచుకుంటుంది. మామూలు ఎలుకని దాని మీద పెడితే కడ్డీతోపాటు అడుగులు వేస్తూ చాలాసేపు నిలదొక్కుకుంటుంది. తూలేదైతే కాళ్ళు తడబడి, కింద పరిచిన మెత్త మీద పడిపోతుంది. దెబ్బేమీ తగలదు. అయినా పడ్డప్పుడల్లా అనుమానాలక్క నోటి నుంచి "అయ్యో తల్లీ" అని వచ్చేది.

ఆ తూలే ఎలుకల మీద పరిశోధన చేసేది ఒక అమ్మాయి. సన్నగా ఉంటుంది, ఏదో బండి తప్పిపోతున్నట్టు ఎప్పుడూ పరుగే. అందరూ చిన్నమేడం అంటారు. చేతికి డాక్టరేటు రావడానికి ఇంక ఒక్క పని మిగిలింది. నల్ల ఎలుకలు పిల్లల్ని తక్కువ పెడతాయి, పెట్టినవాటినైనా సరిగ్గా సాకవు. తెల్లజాతి అలా కాదు, ఈనితే డబ్బా కళకళలాడిపోతుంది. కాబట్టి ఆ జన్యులోపాన్ని నల్లవాటి నుంచి తెల్లవాటిలోకి దింపితే, తూలే ఎలుకలు కావలసినన్ని దొరుకుతాయని, వాటి మీద మందులు పరీక్షించుకోవచ్చని చిన్నమేడం ఆశ. లోపం ఉన్న నల్లదాన్ని తెల్లదానితో జతకట్టించింది. పుట్టినవాటిలో లోపం ఉన్నవాటిని ఏరి మళ్ళీ తెల్లవాటితో, వాటి పిల్లల్ని మళ్ళీ తెల్లవాటితో. అలా తరం తర్వాత తరం కలుపుకుంటూ పోతే, చివరికి లోపం ఒక్కటే పాతది, మిగతా ఒళ్ళంతా తెల్లజాతిదే అవుతుంది. దీనికి ఏళ్ళు పట్టాయి. తొందరలో ఉన్న పిల్ల కదా, మధ్య తరాలవాటిని కడ్డీ ఎక్కించి చూడలేదు. వయసుకొస్తూనే జతకట్టించేసి ముందుకు పోయింది.

తెల్ల పిల్లలన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. ఏది లోపం ఉన్నదో, ఏది కాదో కన్నతల్లికి కూడా తెలియదు. తోక చివర రవ్వంత తుంచి, యంత్రంలో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. లోపం ఉన్నవాటిని ఎర్రకార్డు డబ్బాల్లో, లేనివాటిని నీలంకార్డు డబ్బాల్లో వేస్తారు. మామూలుగా ఒక్కోదాని చెవికి చిన్న గాటు గుర్తు కూడా పెడతారు, రేపు ఎప్పుడైనా కలిసిపోయినా కనిపెట్టడానికి. చివరి తరం పిల్లలకి చిన్నమేడం ఆ గుర్తులు పెట్టలేదు. "కార్డులున్నాయిగా అక్కా, చాల్లే" అంది. నీలంకార్డువి తనకి అక్కర్లేదు కాబట్టి పక్క భవనంలో విద్యార్థుల పాఠానికి పంపించేసింది. ఎర్రకార్డువి మిగిలాయి. అవి ఎదిగేదాకా అక్క వాటిని కంటికి రెప్పలా చూసుకుంది.

ఎదిగాయి. కడ్డీ ఎక్కించే రోజు వచ్చింది.

మొదటి తెల్ల ఎలుకని చిన్నమేడం తోక పట్టుకుని కడ్డీ మీద పెట్టింది. అనుమానాలక్క "అయ్యో తల్లీ" అనడానికి సిద్ధంగా పక్కనే నిలబడింది. కడ్డీ తిరిగింది. ఎలుక నడిచింది. కడ్డీ వేగం పెరిగింది. ఎలుక కూడా పెంచింది. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, ఇదేదో ఆటలాగుందనుకుందో ఏమో, అటువైపు నడవడం మొదలుపెట్టింది. రెండోది అంతే. మూడోది అంతే. ఒక్కటీ తూలలేదు, ఒక్కదాని తలా వణకలేదు. మొదట అక్కకి సంతోషం వేసింది కూడా, పడలేదుగదా పిచ్చిముండలు అని. తలెత్తి చూస్తే చిన్నమేడం మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఇవి ఎర్రకార్డువేనా?"

అంతే. ఆ మాట వినగానే అక్కకి ఒక పొద్దుట సంగతి గుర్తొచ్చింది. పిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడు, నీలంకార్డువి ఇంకా ఆ గదిలోనే ఉన్నప్పుడు, డబ్బాలు మారుస్తుంటే మోచెయ్యి తగిలి రెండు కార్డులు కింద పడ్డాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. వంగి తీసి, ఎక్కడివి అక్కడ పెట్టింది. పెట్టానని అప్పుడు ఖాయంగా తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే ఏ చేత్తో ఏది పెట్టానో కళ్ళకి కట్టడం లేదు. అప్పటికి చివరి తరం పిల్లలున్నవి ఆ రెండు డబ్బాల్లోనే. ఎదిగాక వాటినే వేరే డబ్బాల్లోకి కూడా సర్దారు. అంటే ఆ రెండు కార్డులు తారుమారైతే అన్నీ తప్పే. అసలైన తూలే ఎలుకలు పాఠానికి పోయాయి, పాఠానికి పోవలసినవి ఇక్కడ కడ్డీ మీద షికారు చేస్తున్నాయి. ఏళ్ళ తరబడి ఆ పిల్ల పడ్డ కష్టం తన మోచేతితో మట్టిపాలు!

పెద్దసారు గదిలోకి ఇద్దరూ వెళ్ళారు. చిన్నమేడం చెప్పడం మొదలుపెట్టేలోపే అక్క చేతులు జోడించింది.

"తప్పు నాదే సార్. కార్డులు కిందపడ్డాయి. నేనే మార్చి పెట్టేసి ఉంటాను."

పెద్దసారు అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత అక్క అనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలాసేపు మొహం తుడుచుకున్నారు.

"మార్చినట్టు గుర్తుందా మీకు?"

"గుర్తులేదు సార్. కానీ మార్చేసే ఉంటాను. లేకపోతే తూలేవి తూలకుండా ఎలా ఉంటాయి?"

మనిషి తనంతట తను ఒప్పుకున్నాక ఇక వెతకడానికేముంది? మళ్ళీ నల్లవాటితో మొదటి నుంచీ మొదలుపెట్టమన్నారు. ఎర్రకార్డు డబ్బాలు ఎల్లుండికల్లా ఖాళీ చేయమన్నారు. ఖాళీ చేయడమంటే ఏమిటో ఆ భవనంలో అందరికీ తెలుసు. చిన్నమేడం నేల చూస్తూ నిలబడింది. అక్క ఇంకో మాట అంది: "నన్ను డబ్బాలు కడిగే విభాగంలో వేసేయండి సార్. ఎలుకల దగ్గర ఉండే అర్హత నాకు లేదు." పెద్దసారు "చూద్దాంలెండి" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పి, గోడకి జేరగిలబడి కూర్చుంది. మొగుడు టీ పెట్టి తెచ్చాడు, చల్లారిపోయింది. "ఎలుకలు తూలలేదని ఏడ్చేదాన్ని నిన్నే చూశాను" అని నవ్వించబోయాడు. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. పాపం ఆయన బిక్కమొహం వేసుకుని తల్లి వైపు చూశాడు.

అత్తగారి గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. ఆవిడ నోరు మంచిది కాదు. కోడలు కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆ నోరు ఆగింది లేదు. కూర్చుంటే ఒకటి, లేస్తే ఒకటి. అలాంటి నోటితోనే కోడలికి జ్వరమొస్తే వైద్యుణ్ణి తిట్టి, కొడుకు విసుక్కుంటే కొడుకుని తిట్టి, ఇన్నేళ్ళూ ఇల్లు నడుపుకొచ్చింది. సంగతంతా విని, కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుంది.

"ఏమే, మార్చావా?"

"మార్చే ఉంటాను అత్తయ్యా."

"ఉంటావో లేదో నాకెందుకు? మార్చావా?"

"తెలీదు."

"తెలీనప్పుడు తెలీదనాలి. తగుదునమ్మా అని వెళ్ళి నెత్తికెత్తుకోవడమేంటి? నీ కాపురం మొదలైన దగ్గర్నుంచీ చూస్తున్నా. తాళం వేయలేదన్నావు, వేసే ఉంది. కుళాయి కట్టలేదన్నావు, కట్టే ఉంది. పిల్లకి మందు రెండుసార్లు పోశానేమోనని ఆసుపత్రికి లగెత్తావు, ఒక్కసారే పోశావు. ఇన్నేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి నీ అనుమానం నిజమైందా? చెప్పు!"

అనుమానాలక్క ఆలోచించింది. నిజంగానే ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"లేదు కదా? మరి ఈ ఒక్కసారే ఎందుకవుతుంది? పైగా నువ్వు తప్పు నాదే అనేసరికి వాళ్ళు వెతకడం మానేశారు. చేసిన తప్పు దాచుకుంటే ఎంత పాపమో, చేయని తప్పు నెత్తినేసుకుంటే అంత పాపం. పొద్దున్నే వెళ్ళి, మళ్ళీ చూడండని అడుగు. నీకు బాగా వచ్చిన మాటేగా అది!"

పొద్దున్న అక్క వెళ్ళేసరికి చిన్నమేడం పరీక్షల గదిలో బల్ల మీద తల పెట్టుకుని ఉంది. నిద్రపోయినట్టు లేదు.

"అమ్మా, ఆ ఎర్రకార్డువాటి తోకలు ఒక్కసారి మళ్ళీ పరీక్ష చేస్తావా?"

ఆ పిల్ల చివ్వున తలెత్తింది. "నిన్న మీరే అన్నారు కదక్కా, మార్చేశానని! ఇవాళ మళ్ళీ ఇదేంటి? మీకిది ఆటలా ఉందా?"

"నిన్న భయంలో అన్నాను. మార్చానని నాకు తెలీదమ్మా. మార్చలేదనీ తెలీదు. మా అత్తగారు చెప్పిందాకా ఆ రెంటికీ తేడా నాకు తట్టలేదు."

చిన్నమేడం కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "చెవి గుర్తులు పెట్టనిది నేను. అవే ఉంటే ఈ గొడవే లేదు. నిన్న సార్ ముందు మీరు తప్పు మీదేనంటుంటే, నా పేరు రాలేదని లోపల్లోపల హమ్మయ్య అనుకున్నానక్కా. రాత్రంతా అదే పీకుతోంది" అంది. అక్క ఆ పిల్ల తల నిమిరి, "సరేలే, ముందు లే. మొహం కడుక్కో" అంది. ఇద్దరూ కలిసి పెద్దసారు దగ్గరికి వెళ్ళి, డబ్బాలు ఖాళీ చేయడం పరీక్ష అయ్యేదాకా ఆపమని అడిగారు. ఆయన ఇద్దరి మొహాలూ చూసి, "సరే, కానివ్వండి" అన్నారు.

తోకలు తుంచుతుంటే అక్కే ఎలుకల్ని పట్టుకుంది. ఒక్కోదాన్నీ పట్టుకుని, దాని చెవికి గుర్తు పెట్టేదాకా వదల్లేదు. తర్వాత ఇక చేసేదేమీ లేదు. యంత్రం దాని పని అది చేసుకుంటోంది. సీసాలు తట్టింది. మళ్ళీ తట్టింది. నల్ల ఎలుకలకి మేత నానబెట్టింది. ఎర్రకార్డు డబ్బా ముందుకెళ్ళి నిలబడితే, ఒక తెల్లది మూతకి అడ్డంగా ఉన్న ఊచల్ని పట్టుకుని వేలాడుతూ, ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదకి మారుతూ, ఈ చివర నుంచి ఆ చివరకి పోతోంది. "నీలో ఏమీ లేకపోతే నిన్ను చంపేస్తారే" అంది దానితో. "ఉండాలే తల్లీ, నీలో ఆ లోపం ఉండాలి." ఒకదానికి జబ్బు ఉండాలని కోరుకోవడం జీవితంలో అదే మొదటిసారి. ఏం మనిషినో నేను అనుకుని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం చెక్కపొట్టు బస్తా విప్పుతుంటే తలుపు ధడేలుమని తెరుచుకుంది. చిన్నమేడం. నెత్తిన టోపీ లేదు, మూతికి గుడ్డ లేదు, బయటి చెప్పులతో లోపలికొచ్చేసింది.

"ఏమ్మా, టోపీ ఏదీ? చెప్పులేంటి అవి!" అని అక్క గద్దించింది.

"అక్కా, అన్నీ ఎర్రవే! ఒక్కటంటే ఒక్కటి కూడా మారలేదు! అన్నిట్లోనూ లోపం ఉంది!"

అక్క చేతిలో బస్తా జారిపోయి పొట్టంతా నేల మీద పడింది. ఇద్దరూ ఆ పొట్టులోనే చతికిలబడ్డారు. చిన్నమేడం అక్క మెడ చుట్టూ చేతులేసి ఏడుస్తూ నవ్వుతోంది. గుండెల మీంచి బండ దిగిపోతే ఊపిరి ఇంత తేలిగ్గా వస్తుందా అనుకుంది అక్క. నేను మార్చలేదు. నా చేతులు మార్చలేదు. ఆ మాటే లోపల మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది, ఈసారి అనుమానంతో కాదు, సంతోషంతో.

తేరుకున్నాక అడిగింది. "మరైతే ఎందుకు తూలట్లేదమ్మా?"

దానికి జవాబు ఆ క్షణాన చిన్నమేడం దగ్గర కూడా లేదు. తెలిసేసరికి ఇంకొన్నాళ్ళు పట్టింది. పెద్దసారు స్వయంగా దిగొచ్చారు, పరీక్ష మళ్ళీ చేయించారు, ఇంకో ఈత పిల్లల్ని చెవి గుర్తులతో సహా పెంచి కడ్డీ ఎక్కించారు. లోపం ఉన్న నల్లవి పడిపోతూనే ఉన్నాయి. అదే లోపం ఉన్న తెల్లవి నడుస్తూనే ఉన్నాయి. ఒకరోజు చిన్నమేడం సీసాల బల్ల మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ విడమరిచి చెప్పింది.

"జన్యువు ఒక్కటే ఒంటరిగా ఉండదక్కా. దాని చుట్టూ వేలకొద్దీ వేరే జన్యువులుంటాయి. నల్లజాతిలో ఆ చుట్టూ ఉన్నవి దీని దెబ్బని ఆపలేకపోయాయి. తెల్లజాతిలో ఏవో కొన్ని దీన్ని సర్దుకొస్తున్నాయి. అవేంటో ఇంకా తెలీదు. ఇప్పుడు నేను వెతకాల్సింది వాటినే. మందుకి దారి కూడా అక్కడే దొరకొచ్చేమో అంటున్నారు సార్."

అక్క పక్కనున్న సీసాని వేలితో తట్టి చూసింది. "అంటే కోడలు అదే, అత్తిల్లు వేరన్నమాట. ఒక ఇంట్లో వీధిన పడింది, ఇంకో ఇంట్లో నెట్టుకొచ్చింది."

"అచ్చం అంతే!" అని చిన్నమేడం పకపకా నవ్వింది.

కానీ ఇదంతా తర్వాతి మాట. పరీక్ష తేలిన రోజున పెద్దసారు గది గుమ్మంలో నిలబడి అన్నది ఒక్కటే: "చూడండీ, ఇంకోసారి చేయని తప్పు చేశానని వచ్చి చెప్పారంటే, నిజంగానే కడిగే విభాగానికి పంపించేస్తాను. మీరు చెప్పారని నేనూ నమ్మేశాను. నాదీ పొరపాటే." అక్క సరే సార్ అంది. సరేనన్నానా లేదా అని మెట్ల దగ్గర అనుమానమొచ్చింది గానీ, సిగ్గుపడి వెనక్కి వెళ్ళలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే దారంతా వెలుగుగా కనిపించింది. గుమ్మంలోంచే "ఏమండీ, నేను మార్చలేదు! అత్తయ్యా, నేను మార్చలేదు!" అని అరిచింది. మొగుడు చొక్కా వేసుకుని మిఠాయి తెస్తానని బయటికి పరుగెత్తాడు. అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. లేవలేదు. కొంగుతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. కోడలు హడలిపోయింది. ఆ ఇంట్లో అత్తగారు ఏడవగా చూసింది ఎప్పుడూ లేదు.

"ఏంటత్తయ్యా, మంచిమాట చెబుతుంటే?"

"రెండ్రోజుల్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదే" అంది అత్తగారు. "నీకో సంగతి చెప్పాలి. కోప్పడకూడదు మరి."

"చెప్పండి."

"ఒక్కసారి కూడా నీ అనుమానం నిజం కాలేదన్నాను చూడు, అబద్ధం. ఒకసారి అయింది. పిల్ల నీ కడుపులో ఉన్నప్పుడు. ఆసుపత్రికి బయల్దేరుతూ, పాలగిన్నె కింద మంట కట్టేశానా అత్తయ్యా అన్నావు. కట్టేశావులే, పద అన్నాను. నిన్ను బండెక్కించి లోపలికొచ్చి చూస్తే, భగ్గున మండుతోంది. గిన్నె మాడి బొగ్గయింది. పక్కన గుడ్డ కూడా అంటుకోబోతోంది."

కోడలు పీట పక్కనే కూలబడింది.

"అసలే అనుమానం మనిషివి. నిజమైందని తెలిస్తే బతికినంతకాలం నిద్రపోవని చెప్పలేదు. గిన్నె తీసుకెళ్ళి పారేశాను. పక్కింటావిడ అడిగి పట్టుకెళ్ళిందని చెప్పాను."

"పక్కింటావిడా? మా అమ్మ ఇచ్చిన గిన్నె తిరిగివ్వలేదని ఇన్నేళ్ళుగా ఆవిడతో ముక్తసరిగా మాట్లాడుతున్నానే!"

"తెలుసే. చూస్తూనే ఉన్నా" అంది అత్తగారు, ముక్కు తుడుచుకుంటూ. "మొన్న నీకు ధైర్యం చెప్పాలని ఆ అబద్ధమాడాను. నువ్వు దాన్నే పట్టుకుని వెళ్ళావు. ఒకవేళ నువ్వు నిజంగా మార్చి ఉంటే? నా మాట నమ్మి వెళ్ళి, అక్కడ మళ్ళీ తలదించుకోవాల్సొస్తే? ఆ భయంతో చచ్చిపోయాననుకో."

అనుమానాలక్క అత్తగారి మొహంలోకి చూసింది. కోపం వస్తుందేమోనని తనే ఎదురుచూసింది. రాలేదు. కడుపులోంచి ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు.

"ఒక్కసారేనా అత్తయ్యా? ఇన్నేళ్ళలో ఒక్కసారేనా?"

"ఒక్కసారే. ఒట్టు."

"నేనింకా ఎన్నిసార్లోననుకున్నా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారు కాసేపు బిత్తరపోయి చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

నవ్వు తగ్గాక కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఇకమీదట నిజంగా మండుతుంటే నాకు చెప్పేయండి అత్తయ్యా. తట్టుకుంటాను."

"అలాగేనే" అంది అత్తగారు. "నువ్వు ముందు ఆ పక్కింటావిడతో సరిగ్గా మాట్లాడు."

అనుమానాలక్క లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, పక్కింటి తలుపు తట్టడానికి వెళ్ళింది.